'రాయల కాలం దుస్తులు' కొనేముందు రెండు పోగులు కాల్చి చూడండి

మా నాటకం కోసం విజయనగర కొలువు దుస్తుల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించి బాగా దెబ్బతిన్నాను. అమ్మినవాళ్ల పేరు చెప్పను, ఇదే సరుకు ఇంకా చాలామంది అమ్ముతున్నారు. 'అసలు పట్టు, అసలు జరీ, చరిత్రకు తగ్గట్టు' అని రాసి పెట్టారు. మూడూ అబద్ధాలే.

విప్పగానే అనుమానం వచ్చింది. అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించాను. పట్టయితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. ఇది కరిగి గట్టి నల్ల ఉండ కట్టింది. శుద్ధ పాలిస్టర్! జరీని గోటితో గీరితే మెరుపంతా ఊడొచ్చింది.

బట్ట సంగతి సరే, నాకు ఎక్కువ మండింది కుల్లాయిల (పొడుగు టోపీల) దగ్గర. రాజుకీ, మంత్రికీ, దివిటీ పట్టే కుర్రాడికీ ఒకటే ఎర్ర కుల్లాయి, ఒకటే కబాయి (పొడుగు అంగీ)! విజయనగర రాజధానిలో ఒంటిమీది బట్టే మనిషి హోదా చెప్పేది. నిలువు కుల్లాయి, పొడవాటి కబాయి అనేవి కొలువు వేషం. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల దర్శనం కోసం కుల్లాయి పెట్టి, కోక చుట్టి, కూర్పాసం (చొక్కా) తొడుక్కోవాల్సి వచ్చిందని శ్రీనాథుడంతటివాడు విసుక్కున్న చాటుపద్యం మనకు తెలిసిందే. ఆ రాయలనే 1443లో చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, ఆయన ఒంటిమీద చైనా రేవు జైతూన్ శాటిన్ ఉందని రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కంటికి కృష్ణదేవరాయలు తెల్లబట్టల్లో కనిపించాడు, వాటి నిండా బంగారు గులాబీల కుట్టు. జనంలో ఎక్కువమందికి కాళ్లకు చెప్పులైనా లేవన్నదీ పేస్ మాటే. మరో పోర్చుగీసు వాడు నూనిజ్ అయితే, రాజు ఒకసారి విడిచిన బట్ట మళ్లీ కట్టడంటాడు. (మాకొచ్చినవి ఒక్క ఉతుకుకే పోయేలా ఉన్నాయి. ఆ ఒక్క విషయంలో చరిత్రకు తగ్గట్టే ఉన్నాయనుకోవాలి.)

పోగులు లాగారు కాబట్టి వాపసు తీసుకోం అన్నారు. అందుకే ముందే చిన్న ముక్క శాంపిల్ అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. జరీ వెనకవైపు ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. కుల్లాయి ఆకారాన్ని లేపాక్షి పైకప్పు బొమ్మలతోనో, తిరుమలలోని రాయల విగ్రహంతోనో పోల్చుకోండి. ఈ కుల్లాయి ఎవరు పెట్టుకునేదని కూడా అడగండి. నేను ఆలస్యంగా అడిగాను. వచ్చిన జవాబు: "ఎవరైనా పెట్టుకోవచ్చు సార్, ఫ్రీ సైజ్."