షెట్లాండ్ చలికాలంలో నీటికుక్క కోసం పది రోజులు

జనవరిలో స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులకి వెళ్తున్నానంటే స్కాట్లాండ్ ఓడరేవు నగరం అబర్డీన్‌లో ఉన్న మా తెలుగువాళ్లందరూ నవ్వారు. "పఫిన్ పక్షులు వచ్చే ఎండాకాలం వదిలేసి ఇప్పుడెందుకు బాబూ?" అన్నారు. నాకు పఫిన్లు అక్కర్లేదు. నేను వెళ్లింది నీటికుక్క కోసం. మన కోరింగ మడ అడవుల్లో తిరిగేదానికి ఇది చుట్టమే, కాకపోతే ఇక్కడిది పట్టపగలే సముద్రంలో చేపలు పడుతుంది.

విమానం త్వరగా దింపేస్తుంది. కానీ పెద్ద లెన్స్, ట్రైపాడ్, ఐదు కిలోల బియ్యం, పచ్చడి సీసాలు ఉన్నాయి కదా, ఓడే ఎక్కాను. సాయంత్రం 7కి బయల్దేరితే మర్నాడు ఉదయం 7.30కి షెట్లాండ్ ముఖ్య పట్టణం లెర్విక్. డబ్బు మిగులుతుందని క్యాబిన్ తీసుకోకుండా కుర్చీలో కూర్చున్నాను. చలికాలపు అలలకు రాత్రంతా కడుపు చేతిలో పట్టుకున్నట్టే అయింది. ఒంట్లో బాగానే ఉన్నప్పుడే మాత్ర వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుని లాభం లేదు.

లెర్విక్‌లో రెండు రాత్రులున్నాను. సూపర్ మార్కెట్లు, వెచ్చటి గది, నడిచే దూరంలో అన్నీ. హార్బర్‌లో సీల్స్ కూడా కనిపిస్తాయి. కానీ ఫొటోలకి రోజూ కారు తీయాల్సిందే. జనవరి ఆఖరి మంగళవారం అయితే అసలు ఆశ పెట్టుకోకండి. ఆ రోజు 'అప్ హెల్లీ ఆ' అనే పండగ, కాగడాలతో ఊరేగి వైకింగ్ పడవని తగలబెడతారు, గదులు దొరకవు.

ఇక కారు. అద్దెకు తీసుకున్న మొదటి రోజే తలుపు తీయగానే గాలి దాన్ని వెనక్కి లాగి విరిచినంత పని చేసింది. గాలికి తలుపు పాడైతే ఇన్సూరెన్స్ వర్తించదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. ఇచ్చేటప్పుడు ఒక్కరూ నోరు విప్పలేదు, బిల్లు మాత్రం చక్కగా పంపారు. బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలని పెట్రోల్ బంకులో ఒక పెద్దాయన చెప్పాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

అసలు మజా యెల్ దీవిలో. టాఫ్ట్ నుంచి అల్స్టాకి ఫెర్రీలో ఇరవై నిమిషాలు. నేను దిగిన కాటేజ్ పాతది, బాత్రూమ్‌లో చలి, ఫోన్ సిగ్నల్ కిటికీ దగ్గర నిలబడితేనే. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఎందుకంటే వంటింటి కిటికీ నేరుగా 'వో' మీదికి తెరుచుకుంటుంది. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నటి పాయని వాళ్లు అలా అంటారు. ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టిక అంటించి ఉంది, వై-ఫై పాస్‌వర్డ్ కంటే పెద్ద అక్షరాల్లో. ఇంటి యజమానురాలు నీటికుక్కని 'డ్రాట్సీ' అంటుంది.

మొదటి నాలుగు రోజులూ చేపముళ్లు కలిసిన పెంట తప్ప ఏమీ కనపడలేదు. ఐదో రోజు ఒక గైడ్‌ని పెట్టుకున్నాను. ఖర్చే, కానీ మొదటి రోజే పెట్టుకోవాల్సింది. ఆయన నేర్పింది చాలా సులువు: గాలి మన ముఖానికి కొట్టాలి, అది నీళ్లలో మునిగిన ఇరవై ముప్పై సెకన్లలోనే మనం కదలాలి, తల పైకి రాగానే రాయిలా ఆగిపోవాలి. దాని బొరియ దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. అనుమతి లేకుండా అక్కడ ఇబ్బంది పెడితే స్కాట్లాండ్‌లో నేరం.

ఆరో రోజు ఆటు సమయంలో నాచు మీద బోర్లా పడుకుని ఉన్నాను. చిన్న చేపల్ని అది నీళ్లలోనే తినేస్తుంది, పెద్దది దొరికితేనే ఒడ్డుకి తెస్తుంది. ఆ రోజు తన తలంత లంప్‌సకర్ చేపని ఈడ్చుకొచ్చింది, నాకు పదిహేను మీటర్ల దూరంలో. తడి బొచ్చు ముళ్లలా నిక్కపొడుచుకుంది. తోలు చీలుస్తుంటే పరపరమని చప్పుడు నాకు వినిపిస్తోంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా సూర్యుడు కొండ అంచున వేలాడుతున్నాడు, మన దగ్గర సాయంత్రం ఐదింటి వెలుగులా. తొమ్మిది తరవాత తెల్లారి మూడున్నరకే చీకటి పడే చోట ఉన్న ఒకే ఒక సుఖం ఇదే. రెండు వందల ఫొటోల్లో సగం ఉప్పు తుంపర పడి పాడయ్యాయి, మిగిలినవి చాలు.

అక్కడ ఎముకలు కొరికే మంచేమీ ఉండదు, గాలే శత్రువు. కెమెరాని ఇంట్లోకి తెచ్చేముందు సంచిలో బిగించి మూసేయండి, లేకపోతే లెన్స్ అంతా ఆవిరి.

యెల్‌లోని గచర్ రేవు నుంచి అన్స్ట్ దీవికి ఫెర్రీ ఉచితం, ఒక రోజు వెళ్లొచ్చాను. సోఫాతో అలంకరించిన బస్ షెల్టర్ సరదాగా ఉంది. హెర్మానెస్ కొండల మీద నిలబడటమే కష్టమైంది, చలికాలంలో అక్కడ రాత్రి ఉండాల్సిన పని లేదు.

తిండి సంగతి: ఉప్పు పట్టించి పొయ్యి పొగలో ఆరబెట్టిన మటన్‌తో సూప్ చేస్తారు, 'రీస్టిట్ మటన్' అంటారు. మొదటి ముద్దకే అమ్మమ్మ ఎండబెట్టే ఒట్టి తునకలు గుర్తొచ్చాయి. నా దగ్గరున్న గొడ్డుకారం కొంచెం చల్లితే ఇంటావిడ కూడా రెండు చెంచాలు తిని నీళ్లు తాగింది.

మళ్లీ ఏడాదికి అదే కాటేజ్ అడిగాను, ఈసారి పద్నాలుగు రోజులు, మొదటి రోజే గైడ్. ఓడలో క్యాబిన్ కూడా.