మదద్ పోర్టల్: కువైట్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఏ మేరకు అక్కరకొస్తుంది?

ముందే తేల్చి చెప్పేస్తే మంచిది. విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల ఫిర్యాదులు తీసుకునే ఈ మదద్ పోర్టల్ మనిషిని ఇంటికి చేర్చడానికి పనికొచ్చే సేవ, డబ్బు రాబట్టే సేవ కాదు. ఈ తేడా తెలియక జీతం బకాయిల కోసం ఇందులో ఒక ఫిర్యాదు పడేసి, రోజూ స్టేటస్ చూసుకుంటూ కూర్చునేవాళ్లు ఎందరో. ఈలోగా అక్కడ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పనిమనిషి పారిపోయిందని పరారీ కేసు పెడితే అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది, జీతం అడిగే మనిషే పోలీసులకు భయపడాల్సి వస్తుంది. మనిషిని రప్పించే విషయంలో దీనికి ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. జీతం విషయంలో ఒకటిన్నర చాలు.

మదద్‌ను మన విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. బాధితురాలే ఫిర్యాదు పెట్టాలన్న నియమం లేకపోవడం దీని అసలు బలం. ఊళ్లో ఉన్న భర్తో, కొడుకో, చెల్లెలో తమ మొబైల్ నంబరుతో, మెయిల్‌తో రిజిస్టర్ చేసుకుని ఆమె తరఫున పెట్టొచ్చు. ఫోను లాగేసుకుని గడప దాటనివ్వని ఇంట్లో ఇరుక్కున్న మనిషికి ఇంతకన్నా మేలైన దారి కనబడదు. ఫిర్యాదు నేరుగా ఆ దేశంలోని మన ఎంబసీకి వెళ్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే దాని రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు, ఎరుపుకు మారుతూ పై అధికారుల కంట పడుతుంది. ఆలోచన బాగుంది. కాకపోతే రంగు మారినంత మాత్రాన ఆ ఇంటి తలుపు తెరుచుకోదు. ఎంబసీ వాళ్లకు కువైటీ ఇంట్లో అడుగుపెట్టే అధికారం లేదు. కఫీల్‌కు ఫోన్ చేయగలరు, అక్కడి అధికారులకు రాయగలరు, అంతవరకే.

ఫిర్యాదు ముందుకు కదలకపోవడానికి తరచుగా కారణం చిరునామా. "కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో పనిచేస్తోంది" అని రాస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఏరియా పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు నాలుగూ కావాలి. అవి తెలియకపోతే ఒక చిట్కా ఉంది. కువైట్‌లో ప్రతి భవనం గుమ్మం దగ్గర గోడకు చిన్న పలక ఉంటుంది, దాని మీద ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. చెత్త బయట పడేయడానికి వెళ్లినప్పుడు ఆ పలకను ఫొటో తీసి పంపినా చాలు, ఇల్లు దొరుకుతుంది. దాంతోపాటు బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మీది పన్నెండు అంకెల సివిల్ నంబరు, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, కఫీల్ వివరాలున్న వీసా కాగితం జత చేయాలి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు విమానం ఎక్కకముందే ఇంట్లోవాళ్ల ఫోనులో ఉండాల్సినవి, బతాకా ఫొటో అది చేతికి రాగానే పంపాల్సింది. సమస్య వచ్చాక అడిగితే పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది.

సమస్య రాసే పెట్టెలో గోడు వెళ్లబోసుకోవద్దు. ఏ తేదీన వెళ్లింది, జీతం ఎంత ఒప్పుకున్నారు, చివరి జీతం ఏ నెలలో అందింది, కొట్టారా, ఆమె ఇప్పుడు ఇంట్లో ఉందా బయటపడిందా, ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడింది: ఇవి ఇంగ్లీషులో ఏడెనిమిది వాక్యాల్లో పెట్టండి. దెబ్బల ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు ఉంటే తేదీలతో దాచండి. ఆమెకు ఏం కావాలో కూడా ఒక్క మాటలో తేల్చాలి. ఇంటికి రావాలా, వేరే కఫీల్ దగ్గరికి మారాలా, డబ్బు కావాలా? మూడూ ఒకేసారి అడిగితే ఎంబసీ తనకు సులువైనది చేస్తుంది. అది సాధారణంగా టికెట్టే అవుతుంది.

ఇక డబ్బు సంగతి. అది కువైట్ చట్టం ప్రకారం, కువైట్ ఆఫీసులోనే తేలాలి. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం కాగితం మీద బాగానే ఉంది. రోజుకు పని 12 గంటలు దాటకూడదు. వారానికో రోజు సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు ఇవ్వాలి. తిండి, బస, వైద్యం యజమానివే. ఆమె ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదు. రిక్రూట్‌మెంట్ ఆఫీసు పనిమనిషి దగ్గర కమిషన్ తీసుకోకూడదు. 2016 నుంచి కనీస జీతం 60 దీనార్లు. కాంట్రాక్టు ముగిశాక, పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం అదనం. జీతం ఆలస్యమైతే ఒక్కో నెలకు 10 దీనార్లు కలిపి ఇవ్వాలి.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. నెలకు 100 దీనార్ల మీద రెండేళ్ల కాంట్రాక్టు పూర్తి చేసి, ఆఖరి ఐదు నెలల జీతం అందని మనిషికి బకాయి 500, ఆలస్యానికి 50, రెండేళ్లకు రెండు నెలల జీతం 200, మొత్తం 750 దీనార్లు. వాడుకోని సెలవుల డబ్బు దీనికి అదనం. మదద్‌లో మాత్రం ఎక్కువమంది "ఐదు నెలల జీతం రావాలి" అని రాసి ఊరుకుంటారు. మిగతాది అడగనే అడగరు.

ఇలాంటి జీతం ఫిర్యాదులు 2019 నుంచి కువైట్ హోం శాఖ చేతిలోంచి అక్కడి మ్యాన్‌పవర్ అథారిటీ కిందికి వచ్చాయి. అక్కడి గృహ కార్మికుల విభాగం ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది. ఈ చట్టం కిందికి వచ్చేది ఖాదిమ్ వీసా, అంటే ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరు వీసా మీద ఉన్నవాళ్లు. షూన్ వీసా, అంటే కంపెనీ ఉద్యోగాల వీసావాళ్లది వేరే చట్టం, వేరే కౌంటరు.

రాజీ దగ్గర ఒక గుంట ఉంది, జాగ్రత్త. కఫీల్ పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో పెట్టి, అరబిక్‌లో ఉన్న ఒక కాగితం మీద వేలిముద్ర వేయమంటాడు. దాన్ని ముఖాలసా అంటారు. నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇక ఏ బాకీ లేదు అని దాని అర్థం. ఇంటికి పోతే చాలనుకునే మనిషి వేలు పెట్టేస్తుంది. ఆ తర్వాత మదద్ కాదు కదా, ఏ కోర్టూ ఆ డబ్బు ఇప్పించడం కష్టం. డబ్బు లెక్కపెట్టుకున్నాకే ముద్ర వేయాలి. చదివి చెప్పే మనిషిని ఎంబసీ నుంచి అడగాలి.

ఇంట్లోంచి బయటపడితే ఆ రోజే ఎంబసీకో, ఫిర్యాదుల ఆఫీసుకో వెళ్లడం అన్నిటికన్నా ముఖ్యం. తెలిసినవాళ్ల గదిలో తలదాచుకుని నాలుగిళ్లలో గంటల లెక్కన పని చేసుకుందామనుకుంటే, కఫీల్ పెట్టే పరారీ కేసుకు తనే సాక్ష్యం ఇచ్చినట్టు. ఎంబసీకి ఆడవాళ్ల కోసం షెల్టర్ ఉంది. టికెట్టు, చిన్నపాటి జరిమానాలు, న్యాయ సహాయం వంటి ఖర్చులకు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అనే నిధి కూడా ఉంది. నిరుపేదలైతేనే ఇస్తారు కాబట్టి ఆ సంగతి మదద్ ఫిర్యాదులోనే రాయాలి.

చట్టంలో లోటు లేదని కాదు. ఇళ్లలోకి వెళ్లి తనిఖీ చేసే ఏర్పాటు లేదు కాబట్టి 12 గంటల నియమం అమలవుతోందో లేదో చూసేవాళ్లు లేరు. ఫిర్యాదు చేస్తేనే కదులుతుంది, ఫిర్యాదు చేయాలంటే ముందు గడప దాటాలి.

మదద్ బొత్తిగా తేలిపోయేది విజిట్ వీసా కేసుల్లో. ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరైనది) ఉన్న ఆడవాళ్లను కువైట్ ఇళ్లలో పనికి పంపే అధికారం 2016 నుంచి ప్రభుత్వ సంస్థలకే ఉంది. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. వయసు 30 నిండాలి, కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్‌లో కాంట్రాక్టు నమోదవ్వాలి. ఊరి ఏజెంటు దీన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద దుబాయ్ దించి, అక్కడినుంచి కువైట్‌కో ఒమన్‌కో మళ్లిస్తాడు. అప్పుడు మన రికార్డుల్లో ఆమె కాంట్రాక్టు ఉండదు, కఫీల్ ఎవరో తెలియదు, రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షలు ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. అయినా మదద్‌లో పెట్టండి. చట్టవిరుద్ధంగా వెళ్లింది కదా అని భయపడి ఊరుకోవద్దు. ఏజెంటు పేరు, ఫోన్ నంబరు, డబ్బు పంపిన రసీదు జత చేసి, అదే రోజు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఏజెంటు మీద ఫిర్యాదు ఇచ్చి దాని కాపీ కూడా అప్‌లోడ్ చేయండి. కేసు పడిందని తెలిస్తే, ఆమె ఎక్కడుందో తెలియదన్న ఏజెంటుకు కఫీల్ నంబరు గుర్తుకొస్తుంది.

టైపింగ్ రానివాళ్లు 1800 11 3090కు ఫోన్ చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నడిపే ఉచిత లైను, రాత్రింబవళ్లు ఉంటుంది. మాట్లాడి పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.