నల్లగొండ నుంచి గేమ్ క్యారెక్టర్లు: ఏళ్లుగా వాడాక క్రిటా గురించి

గేమ్ క్యారెక్టర్లు గీయాలని ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని మా నల్లగొండలో తెలిసిన పిల్లలు తరచూ అడుగుతుంటారు. ఏదీ కొనొద్దు, క్రిటా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం వేసుకోండి, ఆ డబ్బు పెన్ టాబ్లెట్‌కీ ర్యామ్‌కీ పెట్టండి అని చెప్తుంటాను. నా క్యారెక్టర్ డిజైన్లు, పోస్టర్ బొమ్మలు, ఇంకా ఏ స్టూడియో గడపా దాటని గేమ్ కాన్సెప్టులు అన్నీ ఏళ్లుగా అందులోనే గీస్తున్నాను. మన ఊళ్లనూ మన బట్టనూ మన గుళ్లనూ గేముల్లోకి తేవాలనుకునేవాళ్లకు అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ సతాయిస్తుందో వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. క్రిటా కేడీఈ సముదాయం నుంచి వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. దాని సొంత వెబ్‌సైట్ నుంచి దించుకుంటే పైసా కట్టక్కర్లేదు. స్టీమ్‌లోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ డబ్బులకు దొరుకుతుంది. అక్కడ కొంటే తయారుచేసేవాళ్లకు చందా ఇచ్చినట్టు. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ లేదు, గీసిన బొమ్మ మీద హక్కు పూర్తిగా మనదే, అమ్ముకోవచ్చు కూడా. ఇంట్లో ఇంకా ఉద్యోగం మాట ఎత్తుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక గీత. క్యారెక్టర్ డిజైన్‌లో కళ్లూ ముక్కూ తర్వాత, ముందు సిల్హౌట్, అంటే లోపలి వివరాలేవీ లేని బయటి ఆకారం. గేమ్‌లో కెమెరా చాలాసార్లు దూరంగా ఉంటుంది, మన హీరో తెర మీద బొటనవేలంత కూడా ఉండకపోవచ్చు. ఆ సైజులో నల్లటి ఆకారం చూసి ఎవరో గుర్తుపట్టగలిగితేనే అది డిజైన్. క్రిటాలో ఇందుకు నేను రోజూ వాడేది 'న్యూ వ్యూ'. ఒకే బొమ్మను రెండు కిటికీల్లో తెరిచి, ఒకదాంట్లో దగ్గరగా గీస్తూ, రెండోదాన్ని బాగా చిన్నది చేసి పక్కన పెట్టుకుంటాను. గీత మారగానే చిన్న బొమ్మా మారుతుంది. 'ఎం' నొక్కితే కాన్వాసు అద్దంలోలా తిరగబడుతుంది. ఒక పక్కకు వాలిన భుజం, ఎత్తు తేడా ఉన్న కళ్లు అప్పుడు ఇట్టే దొరికిపోతాయి. కుడి క్లిక్ చేస్తే పెన్ను దగ్గరికే బ్రష్షులూ రంగులూ వచ్చే గుండ్రటి పాలెట్ ఇంకొకటి. దానికి అలవాటు పడ్డాక ఇంకో ప్రోగ్రాంలో చేయి ఆడదు.

నేను ఎక్కువకాలంగా పట్టుకుని ఉన్న కాన్సెప్ట్ నీళ్ల గురించి. నల్లగొండ పేరు చెప్పగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. కానీ ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి తీసే ఒక పద్ధతికి కూడా మా ఊరి పేరే ఉందని చాలామందికి తెలియదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, మడ్డి కిందికి దిగాక పైనీళ్లు తీసుకునే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాన్నే 'నల్లగొండ టెక్నిక్' అంటారు. నా ఆటలో అమ్మాయి ఊరూరూ తిరిగి పటికా సున్నమూ సంపాదించి బావులను ఒక్కొక్కటిగా బాగుచేస్తుంది. ఆమె సిల్హౌట్ అంతా చంకలో బిందె, దానికి ఎదురుగా వంగిన నడుము మీద నిలబడింది. ఈ ఆటకు విలన్లను గీసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను: ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌తో వంగిన కాళ్లూ గిడసబారిన వెన్నూ ఏ రాక్షసుడికీ పెట్టను. మర్రిగూడ వైపు ఆ నొప్పితో బతికిన మనుషులున్నారు. భయపెట్టడానికి వాళ్ల ఒంటిని అరువు తెచ్చుకోవడం అన్యాయం. క్యారెక్టర్ డిజైన్ నేర్చుకునేవాళ్లు ఈ విషయం ఆలోచించాలని గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే వంగిన ఒళ్లు అంటే చెడ్డవాడు అనే అలవాటు గేముల్లో బాగా పాతుకుపోయింది.

క్రిటాను నాకు నిజంగా దగ్గర చేసింది బట్ట. మన క్యారెక్టర్‌కు చీర కట్టాలన్నా కండువా వేయాలన్నా ఇక్కడ పోచంపల్లి, పుట్టపాక నేత ఊళ్లు ఉన్నాయి. ఇప్పుడు జిల్లా మారి యాదాద్రి భువనగిరి అయినా, పాత నల్లగొండలోవే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, నూనెలో నానబెట్టిన నూలు. ఆ డిజైన్‌ను నెట్‌లో ఫోటో దొరకబుచ్చుకుని బొమ్మ మీద అతికిస్తే స్టిక్కర్‌లా ఉంటుంది. చేత్తో గీస్తే గానీ ప్రాణం రాదు.

ఇక్కడే 'రాప్ అరౌండ్' మోడ్ కావాలి. 'డబ్ల్యూ' నొక్కగానే కాన్వాసు నాలుగు వైపులా రిపీట్ అవుతుంది. కుడి అంచు దాటించిన గీత ఎడమ అంచు నుంచి లోపలికి వస్తుంది. ఒక్క గడి గీస్తుంటే చీరంతా కళ్ల ముందు పరుచుకుంటుంది, అతుకు ఎక్కడా కనిపించదు. 5.2 వెర్షన్ నుంచి అడ్డంగా మాత్రమే, లేదా నిలువుగా మాత్రమే రిపీట్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. చీర అంచు గీయడానికి అది సరిగ్గా సరిపోతుంది.

అలా గీసిన ఒక నమూనాను పుట్టపాకలో మగ్గం నేసే పెద్దాయనకు ఫోన్‌లో చూపించాను. చాలాసేపు పెద్దది చేసి చూశాడు. "బొమ్మ మంచిగనే ఉంది బిడ్డా, గని గిది ప్రింటు చీరనే. నూలు జరిగినట్టు కనవడాలె" అన్నాడు. తర్వాత మగ్గం మీదున్న బట్టనే వేలితో చూపించాడు. నేయకముందే నూలును చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, అద్దకం వేస్తారు కదా, నేతలో ఆ పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి. అందుకే ఏ ఆకారానికీ కత్తితో కోసినట్టు అంచు ఉండదు. పేకకు, అంటే అడ్డపోగులకు, మాత్రమే అద్దకం వేసిన బట్టలో అంచు అడ్డంగా చెదురుతుంది. పడుగుకు, అంటే నిలువు పోగులకు, వేస్తే నిలువుగా. తేలియా రుమాలులో పడుగూ పేకా రెండింటికీ అద్దకం ఉంటుంది కాబట్టి నాలుగు వైపులా చెదరాలి.

బ్లర్ ఫిల్టర్ వేస్తే ఇది రాదు, మంచు కప్పినట్టు అయిపోతుంది. నేను చేసేది ఇది: రాప్ అరౌండ్ ఆన్‌లోనే ఉంచి, సన్నటి పోగుల్లా పడే బ్రిసిల్ బ్రష్ తీసుకుని, ప్రతి ఆకారం అంచు మీద పొట్టి పొట్టి గీతలు ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా లాగుతాను. ఓపిక కావాలి. కానీ ఒక్క గడికి చేస్తే చీరంతటికీ చేసినట్టే. దాన్ని వేరే ఫైలుగా దాచి, క్యారెక్టర్ షీట్‌లోకి 'ఫైల్ లేయర్'గా తెస్తాను (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలే లేయర్లు). తర్వాత ఎప్పుడైనా ఎరుపు కాస్త ముదురు చేయాలనిపిస్తే అసలు ఫైలులో మారిస్తే చాలు, ఆ బట్ట కట్టుకున్న క్యారెక్టర్లన్నిటిలోనూ మారిపోతుంది. మడతల వెంట డిజైన్ వంగడానికి, అసలు గీతను చెరపకుండా లేయర్‌ను వంచే ట్రాన్స్‌ఫామ్ మాస్క్ ఉంది. కుచ్చిళ్ల దగ్గర డిజైన్ విరగకపోతే బట్టకు బరువు రాదు, కాబట్టి ఆ మాస్క్ దగ్గర తొందరపడొద్దు.

ముందు, పక్క, వెనక కనిపించేలా టర్న్‌అరౌండ్ షీట్ గీయడానికి గైడ్ గీతలు చాలు. కన్ను, మోచేయి, మోకాలు ఒకే ఎత్తులో పెట్టుకుంటే మోడల్ చేసేవాళ్లు తిట్టుకోరు. కట్టడాలకు, చేతి గీతను సరైన దారిలో పెట్టే అసిస్టెంట్ టూల్ ఉంది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం నా రెండో కాన్సెప్ట్‌కు ఆధారం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పడే నీడ రోజంతా కదలదు. సూర్యుడు కదిలినా నీడ కదలని గది, అందులో ఒక పజిల్: ఏ స్తంభం నీడ అది? వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురుకు స్తంభాల నీడలు కలిసి అలా నిలిచిపోతాయని తెలిశాక అది ఆటగా ఇంకా నచ్చింది. దూరంలో గీతలన్నీ కలిసే చోటును చూపే వానిషింగ్ పాయింట్ అసిస్టెంట్లు పెట్టి స్తంభాల వరసలు గీస్తే చేయి తప్పినా గీత తప్పదు. గుడి ఫోటోలను రెఫరెన్స్ ఇమేజ్ టూల్‌తో కాన్వాసు పక్కనే అతికించుకోవచ్చు, అవి ఫైలుతో పాటే సేవ్ అవుతాయి. ఫణిగిరి శిల్పాల ఫోటోలు, అలంపూర్ గోడల ఫోటోలు నా ప్రతి ఫైలు అంచునా ఉంటాయి.

యానిమేషన్ టైమ్‌లైన్, స్టోరీబోర్డు కూడా ఉన్నాయి. నడక, దెబ్బ కొట్టే పోజు లాంటి చిన్న చిన్నవి చూసుకోవడానికి సరిపోతాయి. అంతకు మించి నేను వాడలేదు. బొమ్మ గీస్తుండగా వీడియో తీసే రికార్డర్ మాత్రం పోర్ట్‌ఫోలియోకు బాగా పనికొస్తుంది.

ఇప్పుడు సతాయించే సంగతులు. మొదటిది మెమరీ. ఏ3 సైజు, 300 డీపీఐ అంటే 3508 × 4961 పిక్సెళ్లు. 8 బిట్ రంగులో నిండా రంగున్న ఒక్క లేయర్‌కే దాదాపు 70 ఎంబీ. 16 బిట్ పెడితే అది రెండింతలు. మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రిని నేను ఒక కాపలా దేవతగా గీశాను. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించి కాపాడారు. నా దేవతకు ఊడలతో పాటు ఆ బాటిళ్లూ వేలాడుతాయి, వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు ఊతకర్రల్లా ఉంటాయి. ఊడలకు ఒక గుంపు, ఆకులకు ఒకటి, బాటిళ్ల మీద మెరుపుకు ఒకటి అని లేయర్లు పెంచుకుంటూ పోయేసరికి 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో పెద్ద బ్రష్షు గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. క్రిటా మామూలుగా ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది; సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర కాస్త పెంచుకోవచ్చు. అసలు మందు మాత్రం 16 జీబీ. అయిపోయిన లేయర్లను కలిపేయడం, స్కెచ్ దశలో సగం సైజులోనే గీయడం అలవాటు చేసుకోండి.

కరెంటు పోయినప్పుడు ఆటోసేవ్ చాలాసార్లు ఆదుకుంది. దాని వ్యవధిని సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాలకు తగ్గించి పెట్టుకోండి. పాత బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ అయితే ఈ పని మొదటి రోజే చేయండి.

పెన్ టాబ్లెట్ విషయంలో ఎక్కువమంది భయపడేది ప్రెషర్ పనిచేయకపోవడం. నొక్కినా తేల్చినా గీత ఒకే లావు. విండోస్‌లో అయితే సెట్టింగ్స్‌లోని టాబ్లెట్ విభాగంలో విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండు దారులుంటాయి. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి ప్రోగ్రాం మూసి తెరవండి. నా టాబ్లెట్ కంపెనీ పేరు రాయను. ఏడాది తిరిగేసరికి కేబుల్ దూర్చే చోటు వదులైంది, పలక మీద గరుకు పోయి పెన్ను జారడం మొదలైంది. కొనేటప్పుడు 8192 ప్రెషర్ లెవెల్స్ అనే అంకె కంటే విడి నిబ్బులు, విడి కేబుల్ మన దగ్గర దొరుకుతాయా అనేది అడగండి.

ప్రింటు తీసేవాళ్లకు ఒక మాట. తెర మీద మండే తేలియా ఎరుపు కాగితం మీద ఇటుక రంగులోకి దిగిపోతుంది. క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది, కంట్రోల్ వై నొక్కితే సీఎంవైకేలో, అంటే ప్రింటు సిరా రంగుల్లో, ఎలా వస్తుందో అక్కడే కనిపిస్తుంది. క్లాక్ టవర్ దగ్గర ప్రింటుకు ఇచ్చే ముందు నేను తప్పకుండా అది చూస్తాను.

టెక్స్ట్ క్రిటాకు బలం కాదు. 5.2లో ఆ భాగాన్ని తిరగరాశారు, అయినా ఆ వెర్షన్‌లో టైపు చేయడానికి వేరే కిటికీలోకి పోవాలి. గేమ్ పేరు తెలుగులో అందంగా కావాలంటే ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ బొమ్మల ప్రోగ్రాంలో రాసి, అక్షరాలను పాత్‌గా, అంటే మామూలు గీతల ఆకారాలుగా మార్చి, ఎస్వీజీ ఫైలుగా తెచ్చుకుంటాను. పోజుల కోసం తిప్పి చూసుకునే 3డీ బొమ్మలు కూడా క్రిటాలో లేవు, అందుకు బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాం ఉండాల్సిందే. ఆండ్రాయిడ్ వెర్షన్ పెద్ద టాబ్లెట్ల కోసం. ఫోన్‌లో గీద్దామనుకునేవాళ్లు వేరేది చూసుకోవాలి.

పని కోసం పంపేటప్పుడు చాలాచోట్ల ఫోటోషాప్ వాడే పీఎస్‌డీ ఫైలే అడుగుతారు. క్రిటా ఆ ఫైలు ఇస్తుంది, కానీ ఫైల్ లేయర్లు, ట్రాన్స్‌ఫామ్ మాస్కులు, వెక్టర్ లేయర్లు అవతల అలాగే తెరుచుకుంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. క్రిటా సొంత రకమైన అసలు కేఆర్‌ఏ ఫైలును పక్కన భద్రంగా ఉంచి, కాపీలో వాటన్నిటినీ మామూలు పెయింట్ లేయర్లుగా మార్చి, లేయర్లకు ఇంగ్లిష్‌లో పేర్లు పెట్టి పంపండి. దాంతో పాటు ఒక పీఎన్‌జీ కూడా జత చేయండి, అవతల లేయర్లు ఎలా తెరుచుకున్నా బొమ్మ ఎలా ఉండాలో వాళ్లకు తెలుస్తుంది.