పాత రీలు లుక్ ప్రీసెట్ ప్యాక్: కొనొచ్చు, కానీ మన ఫొటోలకు సరిచేసుకోవాలి

ప్రీసెట్ అంటే ఫొటో రంగుల్ని ఒక్క నొక్కుతో మార్చే రెడీమేడ్ సెట్టింగ్. ముందే చెప్పేస్తాను, ప్యాక్ బాగుంది, డబ్బులు దండగ కావు. కాకపోతే ఒక్క నొక్కుతో ఫొటో పాత ఫిల్ము రీలు ఫొటోలా మారిపోతుందని అమ్మేవాళ్లు వీడియోలో చూపిస్తారు చూడండి, అది మన దగ్గర తీసిన ఫొటోల మీద జరగదు. వాళ్లు చూపించేవన్నీ మబ్బు పట్టిన రోజు మెత్తటి వెలుతురులో తీసినవి. అదే ప్రీసెట్‌ను మిట్టమధ్యాహ్నం రంగుల షామియానా కింద తీసిన పెళ్లి ఫొటో మీద వేస్తే ముఖాలు ఒక రంగు, చీరలు ఇంకో రంగు అయిపోతాయి.

నేను కొన్నది ఆన్‌లైన్‌లో ఒక చిన్న సెల్లర్ దగ్గర, రూ.600 లోపే. జిప్‌లో ఎక్స్‌ఎంపీ, డీఎన్‌జీ రెండు రకాల ఫైళ్లూ ఉన్నాయి కాబట్టి ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ యాప్‌లోకి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఇబ్బంది లేకుండా ఎక్కాయి. ఫిల్ముల పేర్లతో కొన్ని, "పాత ఆల్బమ్" తరహావి కొన్ని, ఒకటి రాత్రి ఫొటోలకు.

నాకు బాగా నచ్చింది పాత ఆల్బమ్ ప్రీసెట్. మన ఇళ్లలో 80ల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారి ఉంటాయి కదా, ఆ ఎరుపు రీలుది కాదు, కడిగించిన ప్రింట్‌లో సయాన్ (నీలి ఆకుపచ్చ) డై ముందుగా వెలిసిపోవడం వల్ల వచ్చింది. ఇది తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలుసని ఫొటో చూడగానే అర్థమైంది. ఫొటో అంతటికీ ఎరుపు పులమకుండా నీడల్లో నలుపును గోధుమ రంగువైపు జరిపి, నీలాన్ని, ఆకుపచ్చను కొంచెం చంపి వదిలారు. అమ్మమ్మ ఇంటి అరుగు మీద తీసిన ఫొటోకి వేస్తే నిజంగా బీరువాలోంచి తీసినట్టే ఉంది.

పోర్ట్రా పేరుతో ఉన్నదాన్ని మాత్రం సరిచేయకుండా వాడకండి. అసలు పోర్ట్రా ఫిల్ము పేరు తెచ్చుకున్నదే మనుషుల ఒంటి రంగు విషయంలో, కానీ ఈ ప్రీసెట్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ (నారింజ ఛాయల వెలుగు) బాగా పెంచి పెట్టారు. తెల్లటి చర్మానికి అది మెరుపు ఇస్తుందేమో గానీ చామనఛాయ ముఖాల మీద బూడిద రాసినట్టు కనిపిస్తుంది. ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు. దశాబ్దాల పాటు ల్యాబ్‌లలో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపిన షర్లీ కార్డుల మీద ఉండేది తెల్లజాతి అమ్మాయే, ఆ కొలతే ఇవాళ ప్రీసెట్లలోకీ వచ్చేస్తే మన ముఖాలు మనవిలా ఉండవు. ఆరెంజ్ ల్యూమినెన్స్ సున్నాకి తెచ్చేయండి, శాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గించి ఉంటే కొంచెం పైకి లాగండి, ముఖంలో జీవం తిరిగొస్తుంది. తర్వాత ఎల్లో చూడండి. దాని హ్యూని (రంగు ఛాయని) ఎడమకి, అంటే నారింజవైపు తోసి పెట్టారు, దాంతో పెళ్లికూతురి చెంపల మీది పసుపు ఇటుక రంగుకి తిరుగుతోంది. అది కూడా సున్నాకి తెస్తే పసుపు పసుపులా ఉంటుంది, పట్టుచీర జరీ అంచు కూడా.

కోడాక్రోమ్ పేరుతో ఉన్నదాని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కోడాక్రోమ్ ప్రొజెక్టర్‌లో పెట్టి తెర మీద చూసే స్లైడ్ ఫిల్ము, 1935లో వచ్చింది, 2009లో కోడాక్ ఆపేసింది. దాని అందమంతా లోతైన నలుపులో, చిక్కటి ఎరుపులో ఉండేది. ఇందులో నలుపును పాలు కలిపినట్టు పైకి లేపేశారు. లుక్ బాగానే ఉంది, ఆ పేరు మాత్రం దానికి చెల్లదు. వెలుగునీడల్ని మార్చే గీత, అంటే టోన్ కర్వ్‌లో ఎడమ చివరి చుక్కను మళ్లీ కిందికి దించితే అసలుకి చాలా దగ్గరగా వస్తుంది.

రాత్రి ప్రీసెట్ సినిస్టిల్ 800టీ అనే ఫిల్మును చూసి చేసింది. అది బల్బుల పసుపు కాంతికి, అంటే కాంతి రంగు కొలతలో 3200 కెల్విన్‌కి సరిపోయేలా చేసిన ఫిల్ము కాబట్టి ప్రీసెట్ కూడా ఫొటోని నీలంవైపు తోస్తుంది. పసుపు దీపాలున్న మిర్చి బజ్జీల బండి దగ్గర అదిరిపోయింది. తెల్ల ఎల్ఈడీ లైట్లున్న వీధిలో మనుషులు నీలం తిరిగిపోయారు, అక్కడ టెంపరేచర్ స్లైడర్ కుడికి, అంటే పసుపువైపు జరపక తప్పదు. ఇంకోటి, ఆ ఫిల్ములో దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది, దాన్ని సినిమా ఫిల్ముతో చేసేటప్పుడు వెనక ఉండే రెమ్‌జెట్ అనే నల్ల పూత తీసేయడం వల్ల. ఈ ప్రీసెట్ అది ఇవ్వదు. కావాలంటే దీపం చుట్టూ విడిగా మాస్క్ పెట్టుకోవాలి, అంటే ఆ భాగాన్నే ఎంచుకుని మార్చుకోవాలి.

ఏది వేసినా వరస మాత్రం ఇలా పెట్టుకోండి: ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా) సరిచేయండి, తర్వాత ప్రీసెట్, ఆ తర్వాత ఎక్స్‌పోజర్. ప్రీసెట్ అమౌంట్ స్లైడర్ 0 నుంచి 200 దాకా ఉంటుంది, 100 మీద వదిలేయకుండా 60, 70 దగ్గర ఒకసారి ఆపి చూడండి, చాలా ఫొటోలకు అక్కడే కుదురుతుంది. ఫోన్ ఫొటోలైతే ఫోనే ముందుగా షార్ప్ చేసి, నీడల్ని లేపేసి ఇస్తుంది కాబట్టి టెక్స్‌చర్, క్లారిటీ కాస్త తగ్గించాలి, లేకపోతే ఎంత గ్రెయిన్ (ఫిల్ము ఫొటోల్లో ఇసుకలా కనిపించే సన్నటి చుక్కలు) వేసినా అది ఫిల్ములా కనిపించదు.

ఆ గ్రెయిన్ కూడా ఈ ప్యాక్‌లో అన్నిటికీ ఎక్కువే పెట్టారు. ఫొటోని పూర్తిగా జూమ్ చేసి, ముఖం మీద చూసుకుంటూ తగ్గించుకోండి. ప్రింట్‌కి ఇచ్చేటట్టయితే కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు, చిన్న సైజులో సగం కనిపించదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గానే పంపండి, మామూలుగా పంపితే కంప్రెస్ అయి ఆ గ్రెయినంతా మచ్చలు మచ్చలుగా కలిసిపోతుంది.