చెప్పుకోవడానికి బాధే లేని జబ్బు: నీటికాసులకు పది నెలల హోమియో చికిత్సపై సమీక్ష

మా అమ్మకు నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నట్టు తెలిసిన తరువాత హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక హోమియో క్లినిక్‌లో గత ఏడాది జూన్ నుంచి ఈ ఏడాది మార్చి దాకా చికిత్స చేయించాము. ఆ సేవలో మాకు నచ్చినదేమిటో, నష్టం ఎక్కడ జరిగిందో, కంటి జబ్బులకు హోమియో వైపు చూస్తున్న కుటుంబాలకు తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను. క్లినిక్ పేరు ఇవ్వడం లేదు. మాకు ఎదురైన ఇబ్బంది ఆ ఒక్క గదికి, ఆ ఒక్క డాక్టరుగారికి పరిమితమైనదని నేను అనుకోవడం లేదు.

మాది హోమియో మీద గౌరవం ఉన్న ఇల్లు. గుడివాడ దగ్గర పల్లెలో బడిపంతులుగా పనిచేసిన మా తాతగారి దగ్గర చిన్న చెక్కపెట్టె నిండా సీసాలు ఉండేవి. జలుబుకు, జ్వరానికి, పసిపిల్లల కడుపునొప్పికి ఊళ్ళోవాళ్ళు ఆయన అరుగు మీదికే వచ్చేవారు. ప్రభుత్వ హోమియో కళాశాల ఉన్న ఊరి పొరుగున పుట్టి, ఆ తీపి గుళికలతోనే పెరిగిన అమ్మకు అరవై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఆ వైద్యమే కావాలనిపించడంలో వింత లేదు. దానికి మరో కారణం కూడా ఉంది. కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు కంటి డాక్టరు ఒత్తిడి కొలిస్తే కుడికంటిలో 27, ఎడమకంటిలో 25 పాదరస మిల్లీమీటర్లు వచ్చింది. సాధారణంగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది. రోజూ రాత్రి వేసుకోమని లాటానోప్రోస్ట్ చుక్కలు రాశారు. ఆరు వారాలకు ఒత్తిడి 18, 17కు దిగింది. కానీ కళ్ళు ఎర్రబడ్డాయి, మంట పుట్టింది. "చూపు బాగానే ఉంది కదా నాన్నా, బాగున్న కంటికి ఈ మంట ఎందుకు?" అని అమ్మ అడిగినప్పుడు నేను గట్టిగా సమాధానం చెప్పలేకపోయాను.

క్లినిక్‌లో మొదటి సంప్రదింపు గంటా పది నిమిషాలు సాగింది. ఇది చిన్న విషయం కాదు. కంటి ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చుంటే డాక్టరు దగ్గర దక్కినది ఐదు నిమిషాలు. ఇక్కడ అమ్మ మాట ఎవరూ మధ్యలో ఆపలేదు. నీళ్ళు ఏ పూట కారతాయి, వెలుతురు చూస్తే చిరాకా, చల్లగాలి హాయిగా ఉంటుందా, దాహం ఎక్కువా, తీపి ఇష్టమా, నాన్న పోయిన తరువాత నిద్ర ఎలా ఉంది అని డాక్టరుగారు ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. మందు ఎంచుకునే పద్ధతి నేను అడిగితే విసుగు లేకుండా చెప్పారు. ఉల్లిపాయ నుంచి చేసే ఆలియం సెపా ఇవ్వాల్సిన రోగికి కన్నీరు మంటపెట్టదు, ముక్కునీరు మంటపెడుతుంది. యూఫ్రేసియా ఇవ్వాల్సిన రోగికి సరిగ్గా తలకిందులుగా, కన్నీరు చెంపలను ఒరిపిస్తుంది, ముక్కునీరు సాధుగా ఉంటుంది. చిక్కగా పసుపుపచ్చని పుసి కట్టినా మంట లేకపోతే పల్సటిల్లా. రోగి చెప్పే మాటను ఇంత శ్రద్ధగా వినే వైద్యం మరొకటి నేను చూడలేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను.

మొదటి సంప్రదింపుకు 800 రూపాయలు, మందులతో కలిపి ఏడాది ప్యాకేజీకి 18,000 రూపాయలు తీసుకున్నారు. ఫిజోస్టిగ్మా 30, కొన్నాళ్ళకు ఫాస్ఫరస్ 200 గుళికలు ఇచ్చారు. శుక్లం కూడా మొదలైందని రిపోర్టులో ఉండటంతో సినరేరియా మారిటిమా చుక్కలు రాశారు. కాఫీ, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి, కర్పూరం వాసన మానమన్నారు. రాత్రి చుక్కల సంగతి అమ్మ అడిగినప్పుడు డాక్టరుగారు మానేయమని స్పష్టంగా అనలేదు. "అవి వేస్తూ ఉంటే మన మందు పని ఎంతవరకు చేస్తోందో తెలియదమ్మా" అన్నారు. ఆ మాటను అమ్మ ఎలా అర్థం చేసుకుంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ రాత్రి నుంచే చుక్కలు ఆగిపోయాయి. నేను అడ్డు చెప్పలేదు.

పది రోజుల్లో కళ్ళ ఎరుపు తగ్గింది, మంట పోయింది. ఇంట్లో అందరం సంతోషించాము, క్లినిక్‌లో కేసు కాగితం మీద "మెరుగు" అని రాశారు. ఆ ఎరుపుకు కారణం చుక్కలేనని, చుక్కలు మానగానే ఎరుపు పోవడం సహజమేనని, గుళికలు వేసుకోకపోయినా అది పోయేదని నాకు తట్టడానికి పది నెలలు పట్టింది. మొత్తం అనుభవంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కంటిని కాపాడుతున్న మందు ఆగిపోవడం మాకు ఆరోగ్యంలా కనిపించింది.

హోమియో వైద్యానికి పునాది రోగి లక్షణం. శామ్యూల్ హానిమన్ 1796లో మొదటిసారి ప్రకటించి 1810లో గ్రంథంగా విస్తరించిన సిద్ధాంతం ప్రకారం, ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ లక్షణాలు పుట్టిస్తుందో అవే లక్షణాలున్న రోగికి ఆ పదార్థాన్ని పలచన చేసి ఇవ్వాలి. కనుక లక్షణాల మొత్తమే వైద్యుడికి దారి చూపిస్తుంది. కండ్లకలకలో లక్షణాలకు కొదవ లేదు. అమ్మకు వచ్చిన రకం నీటికాసుల్లో మాత్రం రోగి చెప్పుకోగలిగినది ఏమీ ఉండదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. కంటిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి బిగుసుకుని ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి కంటి నరంలోని పోగులు ఏళ్ళ తరబడి మెల్లగా చచ్చిపోతాయి, చూపు అంచుల నుంచి తరుగుతుంది. ఒక కంటికి కనిపించనిది రెండో కన్ను పూరిస్తుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు, నడిమి చూపు చివరిదాకా నిలబడుతుంది కాబట్టి పేపరు కూడా చదవగలుగుతారు. అమ్మ ఆ గంటా పది నిమిషాల్లో చెప్పినవన్నీ నిజాలే. కానీ మధ్యాహ్నం కళ్ళు పొడిబారడం, దాహం, తీపి మీద ఇష్టం, నాన్న మీద దిగులు, వీటిలో ఏ ఒక్కటీ నీటికాసుల నుంచి వచ్చినది కాదు. అసలు జబ్బు ఆనవాలు ఒత్తిడి కొలిచే పరికరంలోని అంకెలోనూ, చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్టు కాగితంలోనూ, కంటి నరపు పోగుల మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్‌లోనూ ఉంది. ఆ మూడింటిలో ఒక్కటీ ఆ క్లినిక్‌లో లేదు, పది నెలల్లో ఒక్కసారి కూడా బయట చేయించుకు రమ్మని అడగలేదు.

ఫిజోస్టిగ్మా గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు విన్నప్పుడు నాకు నమ్మకం కలగడానికి నిజమైన ఆధారమే ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో, నేటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో, నేరం చేశాడో లేదో తేల్చడానికి మనుషులచేత తినిపించిన విషపు గింజ అది. దాని సారం కంటిపాపను ముడుచుకునేలా చేస్తుందని 1860ల్లో స్కాట్లండ్ వైద్యులు గమనించారు. 1876లో లుడ్విగ్ లాకూర్ అనే కంటి వైద్యుడు దాన్ని నీటికాసులకు వాడి ఒత్తిడి తగ్గుతుందని చూపాడు. ఆయనకే ఆ జబ్బు ఉండేది. నీటికాసులకు పనిచేసిన తొలి మందుల్లో ఇదొకటి. అయితే లాకూర్ వాడినది కొలవదగిన మోతాదు. 30 పొటెన్సీ అంటే నూటికి ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేసినది, అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. పన్నెండోసారి దాటేసరికే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం అనుమానమని ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో అవొగాడ్రో సంఖ్య చదివినవారు లెక్క వేసుకోవచ్చు. గింజలో మందు ఉన్న మాట నిజమే కానీ, అమ్మ నాలుక మీద కరిగిన గుళికలో ఆ గింజ లేదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధనా మండలి 2015లో అందుబాటులో ఉన్న పరిశోధనల సమీక్షలను పరిశీలించి, హోమియో ఫలితం ఇస్తుందని నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది. ఈ విషయాన్ని నేను జూన్‌లోనే చదివి ఉండాల్సింది.

సినరేరియా చుక్కల సంగతి వేరు. ఇది పలచన చేసిన గుళిక కాదు, ఒక మొక్క రసం కలిపిన ద్రవం నేరుగా కంట్లో పడుతుంది. బజారులో ఆల్కహాలు ఉన్న రకం, లేని రకం రెండూ దొరుకుతాయి. అమ్మకు మొదట ఇచ్చిన ఆల్కహాలు రకం వేసిన ప్రతిసారీ ఐదు నిమిషాలు కన్ను తెరవనివ్వలేదు, అడిగాక రెండో రకం ఇచ్చారు. శుక్లం అంటే కంటి కటకంలోని ప్రొటీన్లు గడ్డకట్టి మసకబారడం. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనను మళ్ళీ పచ్చిదిగా మార్చలేనట్టే, చుక్కలు వేసి ఆ మసకను కరిగించే మందు ఇప్పటిదాకా ఏ వైద్యంలోనూ నిరూపణ కాలేదు. చూపుకు ఇబ్బంది అయిన రోజున కటకం మార్చే చిన్న ఆపరేషనే దారి. కంట్లో వేసే ఏ చుక్కకైనా సూక్ష్మక్రిములు లేకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎనిమిది కంపెనీలకు ఆమోదం లేని కంటి మందుల విషయంలో హెచ్చరిక లేఖలు పంపినప్పుడు, కంటిలో వేసిన మందు శరీరపు సహజ రక్షణలను దాటిపోతుందని ప్రత్యేకంగా చెప్పింది. సీసా మీద తయారీ తేదీ, తెరిచాక ఎన్నాళ్ళు వాడాలన్న వివరం చూడకుండా ఏ చుక్కలూ వేసుకోవద్దు.

మార్చిలో అమ్మ గుమ్మం దాటుతూ కుడివైపు తలుపు చెక్కకు రెండుసార్లు తగిలింది. మళ్ళీ కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఒత్తిడి కుడికంటిలో 29, ఎడమకంటిలో 26. ఏడాది కిందట ఫీల్డ్ టెస్టు కాగితం మీద బొట్టంత ఉన్న నలుపు ఇప్పుడు కొడవలిలా వంగి సాగింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవడమే మన చేతిలో ఉన్నదని డాక్టరుగారు చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుంది.

నీటికాసులు ఉన్నవారెవరూ, ఏ వైద్యం మీద ఎంత నమ్మకమున్నా, ఒత్తిడి చుక్కలను కంటి డాక్టరును అడగకుండా ఆపవద్దు. చుక్కలు ఒంటికి పడకపోతే ఆ మాటే కంటి డాక్టరుకు చెప్పాలి. మందు మారుస్తారు, లేజర్ ఉంది, ఆపరేషన్ ఉంది. మేము ఆ ఒక్క ఫోను చేయలేదు. కండ్లకలక సంగతి కొంత వేరు. 2023 వర్షాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ బడిపిల్లలను చుట్టబెట్టినటువంటి వైరస్ కండ్లకలక చాలామందికి ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, కాబట్టి గుళికలతో ఊరట పొందినవారితో నేను వాదించను. అయితే నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, దీపం చుట్టూ రంగుల వలయాలతో తలనొప్పి, వాంతులు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. హైదరాబాదువారికి మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు.

ఆ క్లినిక్‌కు వినే ఓపికకు, శుభ్రతకు, మర్యాదకు పూర్తి మార్కులు ఇస్తాను. కంటి జబ్బుకు చికిత్స చేసే చోటుగా మాత్రం ఒక్క మార్కు కూడా ఇవ్వలేను. అయిదున్నరేళ్ళు చదివి పట్టా తీసుకున్న హోమియో డాక్టరుగారికి నీటికాసులంటే ఏమిటో తెలియక కాదు. వారి పాఠాల్లో కంటి జబ్బులూ ఉంటాయి. మూడు నెలలకొకసారి ఒత్తిడి కొలిపించుకుని కాగితం తెమ్మని ఒక్క వాక్యం రాసి ఉంటే, సెప్టెంబరులోనే మాకు తెలిసేది. అదే మాట వారికి ఎదురుగా చెప్పాను. విన్నారు, సమర్థించుకోలేదు, మిగిలిన రెండు నెలలకు 3,000 రూపాయలు వెనక్కి ఇచ్చారు. నీటికాసుల రోగుల దగ్గర ఇకముందు ఒత్తిడి రిపోర్టు అడుగుతామన్నారు.

ఇప్పుడు అమ్మకు ఉబ్బసం లేదని నిర్ధారించుకున్నాక కంటి డాక్టరు టిమోలాల్ కలిసిన చుక్కలు రాశారు. రోజూ వేసే పని నాది. పోయిన నెల ఒత్తిడి 16, 15 ఉంది. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువని చెప్పడంతో నేనూ చూపించుకున్నాను, నాకు లేదు. గుడివాడలో ఉన్న మా పిన్నికి కూడా చెప్పి పరీక్ష చేయించాము. ఆమెకు 24 వచ్చింది, చూపు ఇంకా చెక్కుచెదరలేదు. మోకాళ్ళ నొప్పులకు హోమియో గుళికలు వాడుకుంటూనే, రాత్రి తొమ్మిదింటికి చుక్కలు వేసుకుని అమ్మకు ఫోను చేసి చెబుతోంది.