నాన్న మీద పుస్తకం చేయించాం: స్కానింగ్‌కి దండం, రాతకి కాదు

నాన్న పోయి ఏడాది కావస్తుందనగా అన్నయ్యా నేనూ అనుకుని ఆయన మీద ఒక పుస్తకం చేయించాం. ఇలాంటి సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫొటోలూ కాగితాలూ ఇచ్చి, ఇంట్లోవాళ్ళతో ఫోన్లో మాట్లాడిస్తే చాలు, వాళ్ళే రాసి, పేజీలు కట్టి, అచ్చు వేసి పంపిస్తారు. మేము తీసుకున్నదాని పేరు రాయను, తిట్టాల్సిన చోట తిట్టబోతున్నా కాబట్టి. పైగా మేము అడిగి చూసిన మిగతా ఇద్దరి పద్ధతీ దాదాపు ఇదే. చేయించాలా వద్దా అని ఊగుతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందే చెప్పేస్తా. స్కానింగ్ బ్రహ్మాండం, పాత క్యాసెట్లోంచి గొంతు తీసిన పని అంతకన్నా బాగుంది. బైండింగ్ ఫర్వాలేదు అనడానికి కూడా మనసొప్పట్లేదు. రాత సంగతికొస్తే, మొదటి డ్రాఫ్టులో మా నాన్న ఎక్కడా లేడు.

మొదట వాళ్ళొక ప్రశ్నల ఫారం పంపుతారు, అరవై దాకా ఉన్నాయి. ఆయన జీవిత ఆశయం ఏమిటి, ఆయన దగ్గర మీరు నేర్చుకున్న మూడు విలువలు ఏవి, ఒక్క మాటలో ఆయన్ని చెప్పండి, ఇలాంటివి. అన్నయ్య రెండు రాత్రులు కూర్చుని బుద్ధిగా నింపాడు. అలా అడిగితే ఎవరైనా ఏం రాస్తారు? పది రోజుల తర్వాత డ్రాఫ్టు వచ్చింది. ఆదర్శ భర్త, ప్రేమమూర్తి అయిన తండ్రి, దైవభక్తిపరుడు, సమాజ సేవకే అంకితమైన మహనీయుడు. నేను పైకి చదువుతుంటే అమ్మ రెండో పేజీలో ఆపి, "ఎవరి గురించే ఇదంతా?" అంది. ఆదర్శ భర్త అన్న చోటికి మళ్ళీ వెళ్ళి, "ఒక్కరోజైనా చెప్పిన టైముకి ఇంటికొచ్చారా మీ నాన్న?" అని నవ్వింది. పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోయే రాత అది. బహుశా పెడతారు కూడా.

అక్కడితో వదిలేద్దాం అనుకున్నాం, కానీ ప్యాకేజీలో ఫోన్ ఇంటర్వ్యూ ఇంకా మిగిలి ఉంది. ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. అమ్మతో గంటన్నర మాట్లాడింది, స్పీకర్లో పెట్టి నేను పక్కనే కూర్చున్నా. ఆయన ఎలాంటి మనిషి అని అడగలేదు. మా నాన్న రక్తదానం పనుల మీద అర్ధరాత్రిళ్ళు వెళ్ళేవారని ఫారంలో చదివినట్టుంది, "ఆంటీ, రాత్రి మీరు నిద్రలో ఉండగా ఆయన వెళ్ళిపోతే మీకెలా తెలిసేది?" అంది. అమ్మ ఒక్క నిమిషం అని లేచి వెళ్ళి, బీరువాలోంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. నేను ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాను, ఆ డబ్బాలో ఏముందో నాకు తెలీదు. అన్నీ చీటీలు. వాడేసిన కవర్ల వెనక, చించిన క్యాలెండర్ కాగితాల మీద, పెన్సిల్‌తో, ఒకే మాట కొంచెం అటూ ఇటూగా: "ఓ పాజిటివ్, రెండు యూనిట్లు. తెల్లారేలోపు వస్తా. గడియ వేసుకో." కొన్నిటి మీద పిల్లల సంగతి కూడా ఉంటుంది, బాబు ఫీజు డబ్బులు డైరీలో పెట్టా, పాపకి జ్వరం చూడు, అని. వెళ్ళేముందు నిద్ర లేపడం ఇష్టం లేక గడియారం కింద పెట్టి వెళ్ళేవారట.

ఆయన పనేంటో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఉద్యోగం లెక్కలు రాయడం, మిగతా టైమంతా రక్తం లెక్కలు. చొక్కా జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి ఉండేది, గ్రూపుకో పేజీ. దాత పేరు, చివరిసారి ఏ పేషెంటుకి ఏ తేదీన ఇచ్చారో, పక్కన మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చో ఆ తేదీ. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు కనీసం మూడు నెలలు ఆగాలి, అందుకని ఆ లెక్క తప్పేవారు కాదు, మొహమాటానికి ఒప్పుకున్నవాళ్ళని కూడా టైము కాలేదని వెనక్కి పంపేసేవారు. ఓ నెగెటివ్ పేజీలో నాలుగే పేర్లు. గ్రూపు చూసే వ్యవధి లేనప్పుడు ఎవరికైనా ఎక్కించగల రక్తం అది, కాబట్టి వాళ్ళ నలుగురినీ ఊరికే పిలవనిచ్చేవారు కాదు. వయసు దాటింది, ఇక మీరు ఇవ్వొద్దు అని బ్లడ్ బ్యాంకు వాళ్ళు చెప్పేదాకా ఆయనా ఇచ్చారు, చెప్పాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ నోట్‌బుక్, చీటీలు, నాన్న బైబిల్ మూడూ స్కానింగ్‌కి పంపాం. బైబిల్ పంపాలా అని చాలా తటపటాయించాం, ఎందుకంటే కీర్తనల దగ్గర పేజీలు ఊడొచ్చేస్తున్నాయి, తెల్లవారుజామున దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషే కళ్ళముందు మెదులుతారు. చివరికి అమ్మే ఇచ్చేయమంది. పుస్తకాన్ని బోర్లా నొక్కే స్కానర్ కాకుండా పైనుంచి కెమెరాతో తీసే దాని మీద చేశారు, ఒక్క పేజీ నలగలేదు. దాని అంచుల్లో నాన్న పేర్లూ తేదీలూ రాసుకునేవారని మాకు తెలుసు, ప్రార్థన చేయమని అడిగినవాళ్ళవి అనుకున్నాం. ఇంటర్వ్యూ చేసిన అమ్మాయే మళ్ళీ ఫోన్ చేసింది. నోట్‌బుక్‌లో పేషెంట్ల పేర్లున్నాయి కదా మేడమ్, అవీ ఇవీ ఒకటే, తేదీలు కూడా, అంది. అంటే రక్తం దొరికించి ఇంటికొచ్చాక, ఆ పేరు తీసుకెళ్ళి కీర్తనల పక్కన రాసుకునేవారన్నమాట. కొన్నిటి పక్కన టిక్కు, కొన్నిటి పక్కన ఏమీ లేదు. ఏడాదిగా ఆ రెండూ మా ఇంట్లో ఒకే అరలో ఉన్నాయి, మేమెవరం పక్కపక్కన పెట్టి చూడలేదు. పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో వేశారు, ఎడమ నోట్‌బుక్, కుడి బైబిల్ అంచు. ఈ ఒక్కదానికే మిగతా తప్పులు చాలావరకు మాఫీ.

ఫొటోల సంగతి. మా పాత ఆల్బమ్ అంటుకుపోయే జిగురు పేజీలది, ఊడదీస్తే ఫొటో చిరిగేలా ఉంది. వాళ్ళు ఊడదీయకుండా పైన ప్లాస్టిక్ ఎత్తి పేజీతో సహా స్కాన్ చేశారు. ఎర్రగా మారిపోయిన కలర్ ఫొటోలు చాలావరకు బాగుపడ్డాయి, పాత ప్రింట్లలో చాలావాటికి సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందు వెలిసిపోతుందట, అందుకే అందరూ ఎండలో నిలబడ్డట్టు ఎర్రగా కనిపిస్తారు. నాన్న పడుచుతనం ఫొటో పాస్‌పోర్టు సైజుది ఒక్కటే మిగిలింది. దాన్ని 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే అచ్చులో రెండింతలు వరకే పెంచొచ్చు, నిండు పేజీకి కావాలంటే 1200 అడగండి, మేము అడిగి చేయించుకున్నాం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలు నాణ్యత తగ్గి వెళ్తాయి, డాక్యుమెంట్‌గా పంపితే మేలు.

ఒక్క విషయంలో జాగ్రత్త. అడక్కుండానే ముఖాలని ఏఐతో "మెరుగు" చేస్తారు. ముక్కు మీద కళ్ళజోడు గుంటలు మాయం, వంకర పన్ను తిన్నగా. ఎవరో పెళ్ళిసంబంధం ఫొటోలా ఉంది. చీటీలకీ అంతే, మడతలూ మరకలూ తుడిచేసి తెల్ల కాగితం చేసిపెట్టారు. వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అంటే మారు మాట్లాడకుండా మార్చారనుకోండి.

క్యాసెట్ కథ వేరు. నాన్న ఇంట్లో కుటుంబ ప్రార్థన చేస్తుండగా అన్నయ్య చిన్నప్పుడు టేప్ రికార్డర్లో పట్టింది ఒకటుంది. ఫైల్ వచ్చింది, వెనక వచ్చే హిస్ (సుయ్‌మనే శబ్దం) తగ్గించి శుభ్రంగా ఉంది. అమ్మ విని, "ఇది మీ నాన్న గొంతు కాదు" అంది. నాకు తేడా తెలీలేదు. కాస్త సన్నగా, హడావుడిగా ఉన్నట్టు అనిపించింది, అంతే. వాళ్ళకి చెబితే ఆ టెక్నీషియన్ అడిగిన మొదటి ప్రశ్న, రికార్డు చేసినప్పుడు బ్యాటరీలతో నడిచిందా అని. బ్యాటరీ డల్ అయితే టేపు మెల్లగా తిరుగుతూ రికార్డవుతుంది, తర్వాత సరైన వేగంలో వేస్తే గొంతు పైకి లేస్తుంది. అమ్మకి గుర్తుంది, ఆ రోజు కరెంటు లేదట. ఆయన మూడు వేగాల్లో మూడు ముక్కలు పంపాడు. అమ్మ కళ్ళు మూసుకుని మూడూ విని, రెండోది అంది. మళ్ళీ పెట్టమనలేదు, లోపలికెళ్ళిపోయింది.

ఆ గొంతుకి చివరి పేజీలో క్యూఆర్ కోడ్ ఇచ్చారు. అది వాళ్ళ సర్వర్ మీదుగా వెళ్ళే రకం, రేపు వాళ్ళు దుకాణం కట్టేస్తే కోడ్ ఉత్త బొమ్మే. అందుకని ఎంపీ3 ఒక్కటే కాకుండా నాణ్యత తగ్గించకుండా దాచే రకాలు, గొంతుకి డబ్ల్యూఏవీ ఫైల్, ఫొటోలకి టిఫ్ ఫైళ్ళు, అన్నీ అడిగి తీసుకుని రెండు చోట్ల దాచాం. అన్నట్టు, పోయినవాళ్ళ గూగుల్ అకౌంట్లో ఫొటోలుంటే ముందు వాటిని దింపుకోండి. రెండేళ్ళు ఎవరూ వాడని అకౌంట్లని 2023 డిసెంబర్ నుంచి తీసేయొచ్చని గూగుల్ రూలు. నాన్న ఫోన్లో ఉన్నవి మేము ఆలస్యంగానైనా తీసుకున్నాం.

ఇక తెలుగు. మేము ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపాం, వాళ్ళు డీటీపీ ఫాంట్‌లోకి (అచ్చుకి పేజీలు కట్టేవాళ్ళు వాడే అక్షరాల్లోకి) మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోయాయి, మనుషుల పేర్లు ఖూనీ అయ్యాయి. ఉచితంగా ఇచ్చే రెండు దిద్దుబాట్లూ వీటికే సరిపోయాయి. అయినా ఒకటి మిగిలింది. "నిస్వార్థ సేవ" అన్న మాటలో "ని" ఒక పేజీ చివర ఉండిపోయి, తర్వాతి పేజీ "స్వార్థ సేవలో ఆయన ఎప్పుడూ ముందుండేవారు" అని మొదలైంది. అచ్చయిపోయాక చూశాం. అన్నయ్య కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు, నాన్న ఉంటే ఆయనే ముందు పట్టుకునేవారు ఈ తప్పు, ఏ కాగితమైనా పెన్సిల్ పట్టుకునే చదివే మనిషి. పీడీఎఫ్‌ని ఫోన్లో కాకుండా ప్రింట్ తీసి చదవండి.

బైండింగ్ జిగురుది, కుట్టు కాదు. తిన్నగా తెరుచుకోదు. రక్తదాన శిబిరంలో అందరూ నిలబడ్డ ఫొటో రెండు పేజీల మీద పరిచారు, సరిగ్గా నడుమ ఉన్న నాన్న ముఖం మడతలో పడిపోయింది. ఇది డిజైనర్ చూసుకోవాల్సింది కదా! కాగితం మ్యాట్, అది బాగుంది, మెరవదు.

రెండో ప్రింటుకి ఆర్డర్ పెట్టాం, కుట్టు బైండింగ్‌తో. వాళ్ళ మహనీయుడి అధ్యాయం మొత్తం తీసేసి, ఆ చోట చీటీలు ఇంకా వేయమన్నాం, కింద తేదీలు మాత్రం అమ్మ చెప్పినవి. నా రేటింగ్ ఐదుకి మూడున్నర, ఆ అర ఆ ఇంటర్వ్యూ అమ్మాయిదే.

ఒరిజినల్స్ పంపేటప్పుడు లెక్కపెట్టి, ఆ లెక్క వాళ్ళతో సంతకం చేయించుకోండి. మేము 23 చీటీలు పంపితే 22 తిరిగొచ్చాయి. రెండు రోజులు ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. స్కానర్ మూతకి అంటుకుని దొరికిందట. ఆ ఒక్క చీటీ ఇంత పెద్ద కొరియర్ కవర్లో వచ్చింది, అమ్మ దాన్ని తీసి, చదవకుండానే, డబ్బాలో పెట్టేసింది.