రాళ్ల చెలకలో ఏది మేలు? అంటు రేగా, ఆపిల్ బేరా, సీమచింతా?

మహారాష్ట్రలో మా ధర్మాబాద్ సంతలో ఎవరు కలిసినా ఈ ఏడాది ఇదే ప్రశ్న: "అన్నా, పత్తి రాని చెలక రెండెకరాలుంది. బావిలో నీళ్లు ఉగాది దాకానే. రేగు పెట్టాలా, సీమచింత పెట్టాలా?" రెండూ కరువుకు తట్టుకునేవే, రెండింటికీ ముళ్లున్నాయి, రెండూ పిల్లలు ఎగబడి తినేవే. నేనైతే రేగు వైపు మొగ్గాను.

నాకు ధర ముఖ్యం కాదు, ఏప్రిల్, మే నెలలు ముఖ్యం. మా నాందేడ్ వైపు మేలో 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో రేగు ఆకు రాల్చి పడుకుంటుంది, నీళ్లు అడగదు. కొమ్మలు కొట్టేదీ అప్పుడే. తొలకరికి వచ్చే కొత్త కొమ్మల మీదే పూత, కాపు. అంటే చెట్టుకు కష్టమంతా వానల్లోనే, పండు చలికాలంలో. సీమచింత అలా కాదు. కాయలో కండ నిండి, పొట్టు ఎర్రబడి పగిలేది ఎండలు ముదిరే వేళకే. చెట్టు చావదు, నిజమే. కానీ బావి అడుగంటే రోజుల్లో దాని నుంచి మంచి కాపు ఆశించాలి.

ఇక రేగులో ఏది? ఆపిల్ బేర్ పండు పెద్దది, ముళ్లు తక్కువ, చూడగానే మనసు లాగుతుంది. మూడేళ్ల కింద ఒక నర్సరీ నుంచి 40 మొక్కలు తెచ్చి పెట్టాను. రెండో వేసవికి సగం పోయాయి. ఎండిన మొక్కను పెకిలించి చూస్తే తల్లివేరు సంచి అడుగున ఎలా చుట్టుకుందో అలాగే ఉంది, పీచు ఉండలాగా. జానెడు కూడా కిందికి దిగలేదు. డ్రిప్ ఉన్నవాళ్లకు సరే గానీ, మనలాంటి వాళ్లకు వేరు పుట్టిన చోటే ఉండాలి.

అందుకే పోయిన ఏడు గట్టు మీదున్న నాటు రేగు పొదలనే పట్టుకున్నాను. మేలో వాటిని మోకాలెత్తున నరికేశాను. తొలకరికి మోడు చుట్టూ చిగుళ్లు లేచాయి. నిటారుగా ఉన్నవి రెండు ఉంచి మిగతావి తీసేశాను. పెన్సిల్ లావు అయ్యాక, బెరడు తేలిగ్గా లేస్తున్న రోజు చూసి, ఉమ్రాన్ అనే పెద్ద పండు రేగు రకం కన్ను (మొగ్గ) తెచ్చి అంటు కట్టాను. బెరడు కింద కన్నును జరిపి, అది బయటికి కనిపించేలా ప్లాస్టిక్ పట్టీ చుట్టడమే. పొదలు లేని చోట గుంటకు రెండు మూడు నాటు గింజలు వేసి, మొలిచాక అక్కడే కట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం మరవొద్దు: అంటు కింద నుంచి నాటు కొమ్మ లేస్తే వెంటనే గిల్లేయాలి. వదిలేస్తే రెండేళ్లలో చెట్టంతా నాటుదే.

రేగులో టెన్షన్ లేదని అనను. పండు ఈగ పురుగు, బూడిద తెగులు రెండూ వస్తాయి. పుచ్చి రాలిన కాయల్ని ఏరి లోతుగా పూడ్చాలి. వేసవిలో పాదులు తిరగదవ్వితే మట్టిలో దాగిన ఈగ ప్యూపాలు (ఈగగా మారే ముందు దశ) ఎండకు చస్తాయి. సీమచింతకు ఈ బాధ దాదాపు లేదు. ఆకు మేకలకు మేత, చెట్టు నేలకు నత్రజని ఇస్తుంది. కానీ గింజ నుంచి వచ్చిన చెట్టు కాయ తియ్యగా ఉంటుందో, వగరుగా ఉంటుందో కాసేదాకా తెలియదు. గాలివానకు కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి. పైగా కోసిన కాయను త్వరగా అమ్మేయాలి. నేను కంచె మూలన నాలుగు పెట్టాను, ఇంటికి చాలు.

ఇలాంటి చెలకకు మిగతా చెట్ల సంగతీ చెప్తాను. వాక్కాయ కంచెకు మంచిది, పప్పులోకి కాయలూ దొరుకుతాయి. వెలగ కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, ఓపికుంటే పెట్టండి. జమ్మి ఉంటే కొట్టకండి, అంతే.

రేగుకు మా దగ్గర ఇంకో సాయం ఉంది. తెలుగు ఇళ్లలో భోగిపళ్లు, మరాఠీ ఇళ్లలో సంక్రాంతి బోర్‌నహాణ్, రెండు చోట్లా పిల్లల తల మీద పోసేది రేగుపళ్లే. దానికి మాత్రం పెద్ద ఉమ్రాన్ ఎవరూ అడగరు, చిన్న నాటు పళ్లే కావాలి. రేగు వడియాలకూ ఆ పులుపే రుచి. అందుకని బావి పక్కనున్న రెండు పొదల్ని నేను అంటు కట్టకుండా అలాగే వదిలేశాను.